బెత్తెడు నుంచి బారలకు

ముప్పై ఒక్క ఏళ్లుగా మనుషుల మొహాలు
నాకు బెత్తెడు దూరంలోనే ఉన్నాయి.
సబ్బు నురగ కింద గడ్డం ఏ వాలుకు మొలుస్తుందో,
ఎవరి చెవి వెనక పుట్టుమచ్చ దాక్కుందో,
ఎవరి మెడ కత్తిని చూడకముందే బిగుసుకుంటుందో
కళ్లు మూసుకుని చెప్పగలను.
వీధిలో ఎదురైతే మాత్రం
చటుక్కున పోల్చుకోలేను.

అందుకే ఈ ఆదివారం
మోంతెవిదేయోలో, త్రిస్తాన్ నార్వాహా సంతలో
పాత తాళాలు, పంజరాల్లో పిట్టలు, సగానికి కోసిన గుమ్మడికాయలు దాటుకుని
నేలిదా ఎచెవెర్రీ బల్ల ముందు నిలబడ్డాను.
ఏడాదిన్నరగా సొరుగులో పడ్డ టిప్పులన్నీ
జేబులో, రబ్బరు బ్యాండు కింద.

"మొదటి టెలిఫోటోనా?" అంది,
థర్మాసు చంకలో ఇరికించుకుని మాతే పీలుస్తూ.
"పక్షులకా, మనుషులకా?"
మనుషులకే, అన్నాను.
"అయితే మూడొందల దాకా పోకు.
అంత దూరం నుంచి తీస్తే
దాన్ని పోర్ట్రెయిట్ అనరు, నిఘా అంటారు."

రెండు పెట్టింది బల్ల మీద.
రెండూ డెబ్బై నుంచి రెండొందలే.
ఒకటి తెల్లది, లావుపాటిది, ఎఫ్ రెండు పాయింట్ ఎనిమిది.
పొద్దు వాలినా మొహాన్ని వదలదట,
వెనకున్న ఊరంతటినీ గంజిలా కలిపేస్తుందట.
రెండోది నల్లది, సన్నది, ఎఫ్ నాలుగు.
లోపల ఆవగింజంత దుమ్ము.
"ఫొటోలో కనపడదు," అంది, "ధరలో కనపడుతుంది."

తెల్లదాని మీదే మనసు పడింది. అబద్ధమెందుకు,
అది భుజాన వేలాడుతుంటే
నన్నెవరూ బార్బరనుకోరు.

అయినా పరీక్ష నా పద్ధతిలోనే.
కత్తి పట్టినట్టు చెయ్యి చాచి,
మోచెయ్యి ఒంటికి ఆనకుండా,
అరవై దాకా లెక్క.
తెల్లది ముప్పై ఎనిమిదికే వణికించింది.
ఆ వణుకు మంగళవారం షాపు తెరిచాక
ఎవరి గొంతు మీదికి వస్తుందో నాకు తెలుసు.
నల్లది అరవై దాటినా ఊరుకుంది.

ఇక కన్ను ఒప్పుకోవాలి.
సంత చివర గొడుగు కింద
పాత పుస్తకాలమ్మే కుర్రాడి మీదికి తిప్పాను.
డెబ్బై దగ్గర: కుర్రాడు, గొడుగు, కుక్క, పక్క కొట్లో తగువు.
నూరు దగ్గర కుక్క పోయింది.
నూట ముప్పై అయిదు దగ్గర తగువు పోయింది,
చెవికి మాత్రం వినపడుతూనే ఉంది.
మిగిలింది ఒక మొహం.
ముక్కు ముక్కంతే, చెవి చెవంతే,
ఫోనులో తీసినప్పటిలా దోసకాయలా ఉబ్బకుండా.
పెదాలు కదుపుతూ చదువుకుంటున్నాడు,
ఎవరూ చూడట్లేదనుకుని.
నాకు కాస్త సిగ్గేసింది.
కెమెరా దించి, ఎత్తి చూపించాను.
తలూపి మళ్లీ పేజీలోకి పోయాడు.
అప్పుడు నొక్కాను.

నేలిదా బేరమాడనివ్వలేదు.
ముందు మూత ఏదంటే
"నీ టోపీ ఉందిగా" అంది.

మంగళవారం ఒలివేరా గారొచ్చాడు.
పంతొమ్మిదేళ్ల ఖాతా.
రేవులో ఉన్ని బేళ్లు తూచి తూచి రిటైరయిన మనిషి.
గడ్డం అయ్యాక, ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడండని
రోడ్డు దాటాను.
ఎనిమిది బారల దూరం.
బస్సొకటి అడ్డమొచ్చి, పోయింది.

దూరపు కొండలు నునుపంటారు.
ఎనిమిది బారల అవతల
ఆయన ఎడమ సైడ్‌లాకు
కుడిదానికన్నా వడ్లగింజంత కిందికుంది.
పంతొమ్మిదేళ్లుగా!
కుడి చెంప చూస్తుంటే ఎడమది లేదు నాకు,
ఎడమది చూస్తుంటే కుడిది లేదు.
అద్దంలోనైనా నా చేతుల్నే చూసుకున్నాను.

"రండి, కూర్చోండి, సరిచేస్తాను!"
ఇవతలి పేవ్‌మెంటు నుంచే అరిచాను.
"నాకు తెలుసులే," అన్నాడాయన కదలకుండా,
"తూకం చూసిన కళ్లయ్యా ఇవి.
ముందు ఫొటో తియ్యి."

ఆ మాటకు లేచిన ఒంటి కనుబొమ్మ దగ్గర
రింగు ఆపాను.
వేలు దిగేలోపు
ఇంకో బస్సు.